సిస్టర్ గారికి, టైలర్ భాయ్‌కి, నర్సాపురం బావకి

ఈ వయసులో సున్తీ ఏమిట్రా అని మా ఊళ్ళో సగం మంది ఇప్పటికే అడిగేశారు. మిగతా సగం అడగలేక నవ్వుకుంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను. అయినా ఇది జవాబు చెప్పడానికి కాదండి, నాకు సాయం చేసినవాళ్ళని నలుగురిలో తలుచుకోవడానికి. పేర్లు మాత్రం రాయొద్దని వాళ్ళే అన్నారు, అందుకని వరసలతో సరిపెడుతున్నాను.

షుగరున్న మగవాళ్ళలో చాలామందికి ఈ బాధ తెలుసు, పైకి చెప్పరు. మూత్రంలో చక్కెర పోతుంటే పురుషాంగం ముందుచర్మం కింద ఫంగస్ చేరుతుంది. దురద, ఎరుపు, ఆ తర్వాత చర్మం చివర సన్నగా చీలికలు. చీలి మానిన ప్రతిసారీ అక్కడ మచ్చ కట్టి బిగుసుకుంటుంది. ఆఖరికి చర్మం వెనక్కి రాదు. దాన్నే ఫైమోసిస్ అంటారు. నేనేమో పగలూ రాత్రీ వనామి రొయ్యల చెరువు గట్టు మీద ఉండేవాణ్ణి. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది.

అమలాపురంలో సర్జన్ గారు చూడగానే అడిగింది నా షుగర్ మందుల చీటీ. అందులో డపాగ్లిఫ్లోజిన్ ఉంది. రక్తంలోని చక్కెరని మూత్రంలోకి పంపేసి షుగర్ తగ్గించే మాత్ర అది. గుండెకీ కిడ్నీలకీ మంచిదేనట, కానీ కొందరికి ఈ ఫంగస్ బెడద దానివల్ల పెరుగుతుంది. ఆయనే మా ఫిజీషియన్ గారితో మాట్లాడి మందు మార్పించారు. (మీలో ఎవరైనా ఇది చదివి సొంతంగా మాత్ర మానేస్తారేమో, ఆ పని చెయ్యకండి.) "చక్కెర దిగకుండా కత్తి పెడితే కుట్టు మానదయ్యా" అని, షుగర్ అదుపులోకి వచ్చాకే తేదీ ఇచ్చారు. తీసిన ముక్కని బయాప్సీకి కూడా పంపారు, భయపడాల్సిందేమీ లేదని వచ్చింది. తొందరపెట్టినా తొందరపడని ఆయన ఓర్పుకి దణ్ణం.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మత్తు సూది చురుక్కుమంది, తర్వాత ఏం తెలియలేదు, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అసలు సంగతి ఇంటికొచ్చాకే.

డ్రెస్సింగ్ చేసే సిస్టర్ గారు ఆ సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు ముందు ఏం కనబడుతుందో అంతా చెప్పారు. వాస్తుంది, కమిలి నల్లబడుతుంది, చూసి కంగారుపడొద్దు. కట్టు అంటుకుంటే లాగొద్దు, గోరువెచ్చటి నీళ్ళతో నాననిస్తే అదే వదులుతుంది. కుట్లు కరిగేవే, రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి. అన్నీ చెప్పినట్టే జరిగాయి. అయినా కట్టు తీశాక పసుప్పచ్చటి పొర ఒకటి కనబడేసరికి ఇంట్లో అందరికీ చెమటలు పట్టాయి. చీమే అని మా ఆవిడ ఖాయం చేసేసింది. ఎదురింటి పెద్దావిడ పసుపు అద్దమంది, ఇంకొకాయన స్పిరిట్ పోస్తే ఒక్కదెబ్బకి పోతుందన్నాడు. స్పిరిట్! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రాత్రిపూట సిస్టర్ గారికి ఫోన్ చేశాం. విసుక్కోలేదు. వాసనొస్తోందా, జ్వరముందా, ఎరుపు పైకి పాకుతోందా అని అడిగారు. లేవంటే, "అది చీము కాదండి, మానేటప్పుడు వచ్చే పొర. దాని కిందే కొత్త చర్మం పడుతోంది. గోకితే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నారు. పది నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం తగిలినా, కంపుకొట్టే చీము కారినా, మూత్రం రాకపోయినా అప్పుడు మాత్రం తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరి రమ్మన్నారు. ఆ ఫోన్ తర్వాత మా ఇంట్లో అందరం నిద్రపోయాం.

సిస్టర్ గారిని అడగలేని సంగతి ఒకటుంది. తెల్లవారుజామున మగవాళ్ళకి సహజంగా వచ్చే గట్టిదనం. కుట్లున్నప్పుడు అది వస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. అక్కడి మేల్ నర్సు తమ్ముడు నేను అడక్కుండానే పక్కకి పిలిచి చెప్పాడు. పడుకునేముందు మూత్రానికి వెళ్ళండి, పక్కకి తిరిగి పడుకోండి, వస్తే లేచి కాసేపు అటూ ఇటూ నడవండి, దానికి మామూలుగా కుట్లు తెగవు, భయం వద్దు అని. చీకట్లో వసారాలో పచార్లు చేస్తూ ఆ తమ్ముణ్ణి ఎన్నిసార్లు దీవించానో.

మా టైలర్ భాయ్ మెత్తబడిన పాత లుంగీలు పట్టుకొచ్చాడు, కొత్తబట్ట గరుకు తగలకూడదని. బట్ట రాసుకుంటే ఒళ్ళు ఝల్లుమనే రోజులవి. వేజలైన్ రాస్తే అంటుకోదని సిస్టర్ గారు చెప్పిందే ఆయనా చెప్పాడు. "మా పిల్లలకి వారం పది రోజుల్లో మానింది, మీకు నెల దాటుతుంది. చిన్నపిల్లలతో పోల్చుకుని దిగులు పడకండి అన్నా" అన్నాడు. ఆయన వచ్చి కూర్చుంటే నాకు సిగ్గనిపించేది కాదు.

ఇక మా అత్తగారి పథ్యం. పప్పు తింటే చీము, వంకాయ దురద, గోంగూర వేడి, రొయ్య పేరే ఎత్తకూడదు. రొయ్యలు పెంచేవాడి ఇంట్లో! బీరకాయా చారన్నంతో ఎండబెట్టేసింది ఆవిడ. చివరికి సర్జన్ గారే, పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలమ్మా, గుడ్డు, చేప, పప్పు అన్నీ పెట్టండి, స్వీట్లు ఒక్కటే వద్దు అన్నాక మెత్తబడింది. ఆ మర్నాడు ఆవిడ పెట్టిన కొరమీను పులుసుకి కూడా ఈ పోస్టులో చోటుండాలి కదండీ.

అందరికన్నా ఎక్కువ రుణపడింది మా బావకి. పచ్చిపుండుతో చెరువు నీళ్ళలో దిగకూడదు, బండెక్కకూడదు. చెరువేమో ఒక్కపూట కూడా మనిషి లేకుండా ఉండదు. బావ నర్సాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి మా ఊరొచ్చి మకాం పెట్టేశాడు. మేత వెయ్యడం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు తీసి చూడ్డం, రాత్రి కరెంటు పోతే నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లకి జనరేటర్ వెయ్యడం, అన్నీ తనే. అడిగితే, "నీ పని నువ్వు చూసుకో, అది మాన్పుకో చాలు" అనేవాడు.

మా ఆవిడకి ఇక్కడేమీ రాయను, ఇంట్లో చెప్పుకున్నాను.

బావా, వచ్చే నెల నీ చెరువు పట్టుబడికి నేనూ వస్తాను. వల దగ్గరికి మాత్రం పిలవకు, నీళ్ళలో దిగడానికి డాక్టరుగారు ఇంకా ఒప్పుకోలేదు. కాటా దగ్గర కుర్చీ వేయించు, లెక్కలు నేను రాస్తాను.