ఎర్తింగ్ సరిగా లేనిచోట ఇకపై మోడెమ్ ఆన్ చేయం

మా దగ్గర శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించుకున్నవారికీ, బుక్ చేసుకుని ఎదురుచూస్తున్నవారికీ నమస్కారం. పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు కొత్త కనెక్షన్లు ఆలస్యమవుతున్నాయి. "డిష్ బిగించి వెళ్లారు, మోడెమ్ ఎప్పుడు ఆన్ చేస్తారండీ?" అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. అడగడం న్యాయమే. కారణం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఈ వేసవిలో పిడుగుల వానలకు మన వైపు మోడెములు, వాటి అడాప్టర్లు చాలా కాలిపోయాయి. వెళ్లి చూస్తే ఎక్కువ చోట్ల ఎర్తింగ్ పేరుకే ఉంది. గోడకు మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, లోపల ఎర్త్ వైరు మాత్రం ఎక్కడికీ వెళ్లదు. కొన్నిచోట్ల ఎర్త్ గుంత తవ్వారు కానీ రాతి నేల, ఎండాకాలం చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. అందుకే ఇప్పుడు ముందు మీటరు పెట్టి చూస్తున్నాం. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు దాటితే ఆ రోజు మోడెమ్ ఆన్ చేయం. ఎలక్ట్రీషియన్‌తో గుంత బాగు చేయించాకే మళ్లీ వస్తాం. దీనివల్ల మీకు ఖర్చు పెరుగుతుంది, నాకు పని ఆలస్యమవుతుంది. అయినా కాలిపోయిన మోడెమ్‌కి మళ్లీ డబ్బు కట్టమని మిమ్మల్ని అడగడం కంటే ఇదే మేలనిపించింది.

ఆన్ చేశాక కూడా అరగంటలో అయిపోయే పని కాదు. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు మోడెమ్‌లో కొట్టాలి. ఒకే ఫ్రీక్వెన్సీని ఎన్నో డిష్‌లు వంతులవారీగా వాడుకుంటాయి. మీ వంతు సరిగ్గా ఏ క్షణంలో పంపాలో, ఉపగ్రహానికి ఎంత దూరంలో ఉన్నారన్న లెక్కనుబట్టి మోడెమ్ తేల్చుకుంటుంది. అంకె తప్పు పడితే రిసీవ్ లైటు వెలిగినా ట్రాన్స్‌మిట్ కుదరదు. ఆ తర్వాత అవతలి గ్రౌండ్ స్టేషన్‌లో, అంటే హబ్‌లో, ఇంజనీరు మీ సిగ్నల్ చూస్తారు. పోలరైజేషన్, అంటే సిగ్నల్ తరంగం ఊగే దిశ, కాస్త పక్కకు తిరిగినా వేరేవాళ్ల లింకు పాడవుతుంది కాబట్టి, ఆయన సరే అనేవరకు మా కుర్రాడు డిష్ దగ్గర నట్లు సర్దుతూనే ఉండాలి. హబ్ ఇంజనీరు దగ్గర మన వంతు రావడానికే ఒక్కోసారి మధ్యాహ్నం దాటిపోతోంది.

ఇప్పటికే కనెక్షన్ ఉన్నవారికి ఒక మనవి. కరెంటు పోయి వచ్చాక లైట్లన్నీ నిలకడగా వెలగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. టెన్షన్ పడి ఆఫ్ ఆన్ చేస్తూ ఉంటే ప్రతిసారీ మొదటినుంచి వెతుక్కుంటుంది. రీసెట్ బటన్ మాత్రం మేం చెప్పకుండా నొక్కకండి. మోడెమ్ ఆన్‌లో ఉండగా కేబుల్ అసలు ఊడదీయకండి. డిష్ కొసన ఉన్న బీయూసీకి, అంటే సిగ్నల్‌ని పైకి పంపే పెట్టెకి, కరెంటు ఆ కేబుల్లోంచే వెళుతుంది, మధ్య తీగ పక్కకు తగిలితే రెండు వైపులా దెబ్బ.

స్పీడు గురించి కూడా చెప్పాలి. మన ఉపగ్రహం భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీరు అడిగింది పైకెళ్లి కిందికి, జవాబు మళ్లీ పైకెళ్లి కిందికి రావాలి. ఏం చేసినా అరసెకను పైనే. యూపీఐకీ, బ్యాంకు పనికీ, మెయిళ్లకీ ఇబ్బంది లేదు. వీడియో కాల్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తుంది. హోమ్‌స్టే నడిపేవాళ్లు అతిథులకు ఇది ముందే చెప్పండి. జడివాన పడితే సిగ్నల్ తగ్గుతుంది, వాన వెలిశాక తిరిగి వస్తుంది. అలాగే మార్చిలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నం పూట కొద్ది నిమిషాలు లింకు పోతుంది. దానికి ఫిర్యాదు రాయించుకుని మనిషిని పంపితే మీ డబ్బులు వృథా, అందుకే పంపం.

ఇక వరస. ఎర్తింగ్ సిద్ధంగా ఉన్నవాళ్ల ఇంటికి ముందు వస్తాం, బుకింగ్ తేదీ ఆ తర్వాతే చూస్తాం. గుంత పని అయ్యాక మీటరు రీడింగ్ ఫొటో తీసి వాట్సాప్ చేయండి. మేం వచ్చేలోపు డిష్‌కి ఎదురుగా, దక్షిణం నుంచి కాస్త పడమర వైపు, పైన కమ్ముకున్న కొమ్మలుంటే కొట్టించి ఉంచండి.