ఈస్టర్‌కూ ఇష్తార్‌కూ చుట్టరికం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈస్టర్ ఆదివారం నాడు మీ అనుబంధంలో పండుగ పేరు గురించి వేసిన చిన్న వ్యాసం చదివి పది రోజులు దాటింది. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను. ‘ఈస్టర్ అనే మాట బాబిలోనియా దేవత ఇష్తార్ నుంచి వచ్చింది’ అని అంత ధీమాగా ఎలా అచ్చు వేశారు? రెండు మాటలు చెవికి ఒకేలా వినిపిస్తే సరిపోతుందా? ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. వ్యుత్పత్తి అడిగితే ఇలా రాసిన పిల్లవాడికి ఒక్క మార్కు కూడా వేసేదాన్ని కాదు.

ఇష్తార్ అక్కాదు అనే ప్రాచీన బాబిలోనియా భాషలోని పేరు. ఈస్టర్ పాత ఇంగ్లిషు మాట. క్రీ.శ. 725లో బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి కాలగణన మీద ఒక పుస్తకం రాశాడు. తమవాళ్లు ఇంచుమించు ఏప్రిల్‌లో వచ్చే నెలను పూర్వం ఎయోస్ట్రె అనే దేవత పేరుతో పిలిచేవారని, ఆ నెల పేరే పండుగకు వచ్చిందని అందులో ఉంది. ఆ దేవత గురించి ఆయన రాసిన ఆ ముక్క తప్ప ఆ కాలపు ఆధారం మరొకటి లేదు. ఆ మాటకు మూలం తూర్పు, తెల్లవారడం అనే అర్థాలిచ్చే ధాతువని భాషావేత్తలు అంటారు. మన ‘ఉషస్సు’ కూడా అక్కడిదే.

అసలు ఈ పేరు ఇంగ్లిషువాళ్లది, కాస్త తేడాతో జర్మన్లది. ఫ్రెంచివాళ్లు పాక్ అంటారు, స్పానిష్‌వాళ్లు పాస్కువా, రష్యన్లు పాస్ఖా. అన్నీ హీబ్రూ ‘పెసహ్’ నుంచి వచ్చినవే. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, గొర్రెపిల్ల రక్తం పూసిన గడపలను సంహారం ముట్టకుండా దాటిపోయిందని బైబిల్ నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది. దాని గుర్తుగా యూదులు చేసుకునే పండుగే పెసహ్, మన మాటలో పస్కా. యేసును సిలువ వేసింది ఆ పస్కా రోజుల్లోనే. మన తెలుగు బైబిల్లో ఉన్నదీ పస్కానే. ఈస్టర్ అనే మాట అందులో వెతికినా దొరకదు.

మనవాళ్లు ఈ రోజులకు ఎంత చక్కటి పేర్లు పెట్టుకున్నారు! మట్టలు పట్టుకొని పాడుకుంటూ వెళ్తే మట్టల ఆదివారం. నలభై రోజుల ఉపవాస కాలం శ్రమల దినాలు. మా అమ్మ ఈస్టర్ అనేదే కాదు, పునరుత్థాన పండుగ అనేది. పునః, ఉత్థానం కలిసిన మాట, తిరిగి లేవడం. కార్తీకంలో ఉత్థాన ఏకాదశి అంటామే, ఆ ఉత్థానమే ఇది. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొర 1842లోనే వచ్చి మిషను పెట్టిన గుంటూరులో ఒక పాస్టరు గారికో, ఫాదరు గారికో ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేవారు కదా.

తేదీ ‘ఎందుకో ఏటా మారుతుంది’ అని కూడా రాశారు. మార్చి 21నో, ఆ తర్వాతో వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం అది. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది.

మీ ఒక్కరినే అని ఏం లాభం? మా సెంటర్లో నాయకుల ఫొటోలతో ‘గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు’ అని ఫ్లెక్సీ కట్టారు. అది ప్రభువు ప్రాణం విడిచిన రోజు. ఆ ‘గుడ్’కు ఒకప్పటి ఇంగ్లిషులో పవిత్రమైన అని అర్థం. పన్నెండింటి నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానంలో కూర్చొని, ఏడ్చి, ఉపవాసంతో బయటికి వచ్చినవాళ్లకు ఎదురుగా ఆ నవ్వు ముఖాలు. ప్రాణం చివుక్కుమంది.

ఇక పండుగ నాటి సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్తాం. ముందురోజే సున్నాలు వేసి పూలు పెట్టుకుంటాం. ఈసారి కూడా లోపల ఒక్క లైటూ వెలగలేదు. దారి నిండా కంప. నా ముందు నడుస్తున్న ముసలామె కుచ్చిళ్లు ముళ్లకు తగులుకుంటే ఒంగి విడదీశాను. ఆమె చేతిలో కొవ్వొత్తి వణికి, వేడి మైనం నా మణికట్టు మీద పడింది. నెల ముందే అధికారులకు అర్జీ ఇచ్చాం. పండుగలోపు చేయిస్తామన్నారు. మళ్లీ అడిగితే ఒకరి మీద ఒకరు చెబుతున్నారు. ఏ మతం వాళ్ల పండుగైనా ఇదే వరస. పేరు తెలియని పండుగకు ఏర్పాట్లు ఏం చేస్తారు?

మా మనవరాలు ఆ వ్యాసం కత్తిరించి స్కూలు ప్రాజెక్టు పుస్తకంలో అంటించుకుంది. తప్పమ్మా అంటే, ‘పేపర్లో పడింది కదా అమ్మమ్మా’ అంటోంది. దయచేసి అదే పేజీలో, అదే సైజులో సవరణ వేయండి. దాన్ని కూడా కత్తిరించి పక్కనే అంటించమని చెబుతాను.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, గుంటూరు