ఉమ్మడి కళాప్రదర్శనలో ప్రతి చేతికీ పేరుండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

స్త్రీలనూ స్త్రీత్వాన్నీ వేడుకగా తలచుకునే ఉమ్మడి కళాప్రదర్శన ఒకటి ఇటీవలే ముగిసింది. చాలా ఏళ్లు చిత్రలేఖనం నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను కూడా అందులో పాల్గొన్నాను. చిత్రాలు గీసేవారు, మట్టితో బొమ్మలు చేసేవారు, ఫొటోలు తీసేవారు, జీవితమంతా కుట్టుపని చేసినా తమ పనిని కళ అని ఏనాడూ అనుకోనివారు కలిసి, నెలల తరబడి శ్రమపడి నిలబెట్టిన ప్రదర్శన అది. చూడవచ్చినవారు మనసారా మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అది తగినదే. అయినా అక్కడ కనిపించిన ఒక లోపం నన్ను వెంటాడుతూనే ఉంది. ఇలాంటి ప్రదర్శనల్లో తరచుగా కనిపించే లోపం కాబట్టి, మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

హాలు నడుమ పైకప్పు నుంచి వేలాడదీసిన పెద్ద వస్త్రం ఆ ప్రదర్శనకు ప్రాణం. ఒక్కొక్కరూ ఒక్కొక్క గుడ్డముక్క మీద తమకు తోచిన స్త్రీరూపాన్ని కుట్టి ఇస్తే, అన్నింటినీ జతచేసి తయారుచేసిన వస్త్రమది. అందులో ఒక ముక్క మీద వయసు మళ్లిన స్త్రీ చేయి ఉంది. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఉబ్బిన నరాలను రెండు రకాల నీలి దారాలతో కాడకుట్టు వేసి చూపారు. కణుపుల దగ్గర చర్మం ముడుతలు పడినట్లు కనిపించడానికి తెల్లదారంతో పొట్టిపొట్టి టాకాలు వేశారు. బొటనవేలి గోరు పక్కన చిన్న ఎర్రటి చుక్క. సూది గుచ్చుకున్న గుర్తు అది. ముఖం లేదు, ఒళ్లు లేదు, ఆ చేయి ఒక్కటే. దాని ముందు జనం ఆగి ఆగి కదిలారు.

చివరి రోజున ఒక సందర్శకుడు ఆ చేతిని చూసి, ఇది ఎవరు కుట్టారని అక్కడున్న కార్యకర్తను అడిగాడు. ఆ అమ్మాయి పక్కనున్న పలకను చూసి "మహిళా బృందమండీ" అని చెప్పింది. పలక మీద అంతకుమించి ఏమీ లేదు మరి. ఆ చేతిని కుట్టిన ఆవిడ అప్పుడు రెండు బారల దూరంలోనే నిలబడి ఉన్నారు. విన్నారు, కానీ నోరు విప్పలేదు. ఆయన వెళ్లిపోయాక నేను దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పకపోయారా?" అని అడిగాను. "బోర్డు మీద లేదు కదండీ, నేనే అంటే నమ్ముతారా?" అన్నారు. అని ఊరుకోక, వస్త్రం అంచు కొద్దిగా ఎత్తి వెనకవైపు చూపించారు. సాధారణంగా వెనకవైపు దారాలు ఒకచోటి నుంచి మరోచోటికి దూకి, చిక్కుపడి ఉంటాయి. ఆవిడ పనిలో అలా లేదు. ప్రతి నరాన్నీ విడిగా మొదలుపెట్టి, విడిగా ముడివేసి ముగించారు. "ముందువైపు ఎంత శుభ్రంగా ఉంటుందో వెనకా అంతే ఉండాలని నా పట్టుదల. ఇది నాదని నాకు తెలియడానికి ఈ ముడి చాలు" అన్నారు.

ఆ ముడి ఆవిడకు చాలు కావచ్చు, మనకు చాలదు. ఆహ్వానపత్రిక మీద ప్రదర్శన రూపకల్పన చేసినవారి పేరుంది, ముఖ్య అతిథి పేరుంది, హాలు ఇచ్చినవారి పేరుంది. పని చేసినవాళ్లకు మాత్రం "మహిళా బృందం" అన్న రెండు మాటలే మిగిలాయి. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదని నాకు తెలుసు. నిర్వాహకులు కూడా రాత్రింబవళ్లు కష్టపడినవారే. ఉమ్మడి పని అంటే ఎవరి పేరూ విడిగా వినిపించకూడదన్న ఉదాత్తమైన ఆలోచనతోనే అలా చేశామని వారు నాతో అన్నారు. ఆ ఆలోచనతోనే నాకు పేచీ. స్త్రీల చేతిపని తరతరాలుగా పేరు లేకుండానే ఉపయోగపడింది, పేరు లేకుండానే చిరిగి మాసిపోయింది. ఆ అన్యాయాన్ని గుర్తుచేయడానికి పెట్టిన ప్రదర్శనలో అదే మళ్లీ జరిగితే ఎలా?

పేరు ఉండటం వల్ల ఏం జరుగుతుందో కళాచరిత్రే చెబుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారిణి జుడిత్ లీస్టర్ 1633లో హార్లెం నగరపు చిత్రకారుల సంఘంలో సభ్యత్వం పొందిన నిపుణురాలు. 1660లో ఆమె మరణించాక ఆమె పేరు క్రమంగా మరుగునపడింది. ఆమె చిత్రాలు కొన్ని ఆ కాలపు ప్రసిద్ధ డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ గీసినవిగా, మరికొన్ని ఆమె భర్త గీసినవిగా చలామణీ అయ్యాయి. 1893లో, హాల్స్ చిత్రంగా చేతులు మారుతూ వచ్చిన ఒక చిత్రం మీద ఒక పరిశోధకుడు వేరే సంతకాన్ని గుర్తించాడు. పేరులోని పొడి అక్షరాలు, వాటికి తగిలించిన ఒక చిన్న నక్షత్రం. లీస్టర్ అనే మాటకు దారిచూపే చుక్క అని అర్థం కాబట్టి, ఆమె తన పేరును అలా చిత్రించుకునేది. ఆ చుక్క పట్టుకునే ఆమె చిత్రాలు ఒక్కొక్కటిగా ఆమెకు తిరిగి చేరాయి. రెండు వందల ముప్పై ఏళ్ల తరువాత ఆమెను వెనక్కి తెచ్చింది ఆ బొట్టంత గుర్తే. ఆమె కూడా వినయంగా సంతకం మానుకుని ఉంటే, ఆ చిత్రాలు ఇప్పటికీ హాల్స్ ఖాతాలోనే ఉండేవేమో.

అది ఒంటరిగా గీసిన చిత్రాల సంగతి, ఉమ్మడి పనికి వర్తించదని కొందరు అనవచ్చు. ఉమ్మడి పనికే చెందిన ఉదాహరణ ఉంది. 1972 జనవరి చివర్లో లాస్ ఏంజెలిస్‌లో ‘వుమన్‌హౌస్’ అనే ప్రదర్శన మొదలైంది. జూడీ షికాగో, మిరియం షపీరో అనే ఇద్దరు కళాకారిణులు, వారి విద్యార్థినులు కలిసి, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక పాత భవంతిని తీసుకున్నారు. విరిగిన కిటికీలకు అద్దాలు వేసుకున్నారు, గోడలకు రంగులేసుకున్నారు, గదుల్ని కళాఖండాలుగా మార్చారు. దుప్పట్ల బీరువాలో అరల మధ్య ఇరుక్కుపోయిన ఒక స్త్రీ బొమ్మ ఉంటుంది. అరలు ఆమె శరీరాన్ని అడ్డంగా కోస్తుంటాయి, ఒక కాలు మాత్రం బయటకు అడుగు వేస్తుంటుంది. ఇంటిపనిలో కూరుకుపోయిన స్త్రీని అంతకంటే సూటిగా చూపిన శిల్పాన్ని నేను ఎరుగను. దాన్ని చేసింది శాండ్రా ఆర్గెల్ అనే విద్యార్థిని. ఆ ఇల్లంతా ఉమ్మడి పనే, అయినా ఏ గది ఎవరిదో నమోదైంది. ప్రదర్శన సాగింది దాదాపు నెల రోజులే, తరువాత ఆ ఇంటిని కూల్చేశారు. ఇటుక కూడా మిగలలేదు. యాభై ఏళ్లు దాటినా ఆ బీరువా ఆర్గెల్ పనేనని ఇంత దూరంలో నేను రాయగలుగుతున్నానంటే, అప్పట్లో ఎవరో శ్రద్ధగా ఆ పేరు రాసిపెట్టడమే కారణం.

జూడీ షికాగోయే తరువాత రూపొందించిన ‘ది డిన్నర్ పార్టీ’ 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలిసారి ప్రదర్శితమైంది. 2007 నుంచి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో శాశ్వతంగా ఉంటోంది. త్రికోణాకారపు బల్ల, దాని చుట్టూ చరిత్రలోనూ పురాణాల్లోనూ పేరున్న 39 మంది స్త్రీలకు 39 స్థానాలు, బల్ల కింద నేల పలకల మీద బంగారు అక్షరాలతో మరో 999 పేర్లు. పేర్లే ఆ కళాఖండానికి పునాది. దాని కోసం ఏళ్ల తరబడి వందలమంది పనిచేశారు. వాళ్ల శ్రమకు తగిన గుర్తింపు దక్కిందా అన్న విమర్శ అప్పుడే తలెత్తింది. తనతో పనిచేసినవారి పేర్లతో ఆమె వేరుగా ఫలకాలు చేయించి ప్రదర్శనలో భాగంగా ఉంచారు. విమర్శ అంతటితో ఆగలేదు, ఆగనక్కరలేదు కూడా. ఒక పని ఎవరి ఊహ, ఎవరి చేయి అన్న ప్రశ్న అడగదగినదేనని ఆ చర్చ వల్ల లోకానికి తెలిసింది. మన దగ్గర ఆ ప్రశ్నే పుట్టడం లేదని నా బాధ.

అందరి పేర్లూ రాస్తే పలక నిండిపోతుంది, చూసేవారి కళ్లు అటే పోతాయి అన్నది నేను విన్న మరో సమాధానం. సినిమా పూర్తయ్యాక తెరమీద లైట్లు పట్టినవారి పేర్లు, బట్టలు కుట్టినవారి పేర్లు వరసగా వెళతాయి. చాలామంది అప్పటికే లేచిపోతారు, నిజమే. అయినా వాటిని తీసేయాలని ఎవరూ అనరు. పని చేసినవాడికి అది హక్కు. చదివేవాళ్లు ఎంతమంది అన్న లెక్కతో దానికి సంబంధం లేదు. హాలు ప్రవేశంలో ఒక గోడ చాలు, అది కూడా కష్టమైతే వస్త్రపు నమూనాను ఒక కాగితం మీద గీసి, ఏ ముక్క ఎవరిదో అంకెలు వేసి పక్కన అంటిస్తే చాలు. ఒక పూట పని.

పేరు వద్దనుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట గౌరవించాలి. 1985లో న్యూయార్క్‌లో మొదలైన ‘గెరిల్లా గర్ల్స్’ అనే కళాకారిణుల బృందం సభ్యులు గొరిల్లా ముసుగులు వేసుకుని, గతించిన కళాకారిణుల పేర్లు పెట్టుకుని, తమ అసలు పేర్లు దాచుకున్నారు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం ఆధునిక కళా విభాగంలో స్త్రీ కళాకారులు 5 శాతం లోపేనని, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవేనని 1989లో ఎలుగెత్తి చెప్పింది వీరే. తమ మీద కాక, చెప్పే విషయం మీద చూపు నిలవాలని వారు ఆ దారి ఎంచుకున్నారు. ఎంచుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. తన పేరు దాచుకోవడం ఒకరి నిర్ణయం. అడగకుండా ఇతరులు దాన్ని తీసేయడం దానితో సమానం కాదు. కుటుంబంలో ఇబ్బంది వస్తుందని అసలు పేరు వద్దన్నవారు మారుపేరు ఇచ్చుకోవచ్చు, ఒక గుర్తు ఇచ్చుకోవచ్చు. అడగడం మాత్రం నిర్వాహకుల బాధ్యత.

పేర్లు లేకపోవడం వల్ల మరో నష్టం కూడా ఉంది. స్త్రీత్వం అన్న పెద్దమాట కింద అందరి గొంతులూ ఒకటైపోతాయి. మా వస్త్రంలోనే, ఒకరు ఒడిలో బిడ్డతో తల్లిని కుట్టారు. ఆ పక్క ముక్కలో మరొకరు ఖాళీ ఊయల కుట్టి, దాని ముందు నిశ్చింతగా పుస్తకం చదువుకుంటున్న స్త్రీని కూర్చోబెట్టారు. ఈ ఇద్దరూ ఒకే మాట చెప్పడం లేదు. తయారీ రోజుల్లో ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టాలా వద్దా అని మా మధ్య గట్టి వాదనే జరిగింది. చివరకు పక్కపక్కనే పెట్టాం, నా దృష్టిలో ఆ వస్త్రంలోకెల్లా మంచి చోటు అదే. కానీ పలక మీద ‘మహిళా బృందం’ అని చదివినవారికి, ఒక అభిప్రాయాన్ని మరో అభిప్రాయం ఢీకొంటోందన్న సంగతి అందదు. అంతా కలిసి మాతృత్వాన్ని కీర్తించారనే అనుకుంటారు. అలా అనుకున్నవారిని నేను స్వయంగా చూశాను.

1987లో భోపాల్‌లోని భారత్ భవన్ కళాకేంద్రంలో నలుగురు భారతీయ చిత్రకారిణులు కలిసి ప్రదర్శన పెట్టారు. నళిని మలానీ, నీలిమా షేక్, అర్పితా సింగ్, మాధవీ పరేఖ్. ఆ తరువాత రెండేళ్లలో అది మరికొన్ని నగరాలకూ వెళ్లింది. ఒకరి గీతకు మరొకరి గీతతో పోలిక లేదు. నలుగురూ ఒక చిత్రకారిణి అయిపోకుండా, నలుగురుగానే పక్కపక్కన నిలబడ్డారు. కలిసి నడవడమంటే నాకు తెలిసినంతలో అదే.

అమ్మకాల విషయం కూడా ఒక్క మాట చెప్పాలి. ఉమ్మడి పనిని ఎవరైనా కొంటే వచ్చే డబ్బు ఎలా పంచుకోవాలో పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది. పేరు లేనిచోట వాటా అడగడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

చివరగా, పత్రికల విషయం. ఇటువంటి ప్రదర్శనల వార్తలు వేసినప్పుడు ప్రారంభకుల ఫొటోకు, వారి ప్రసంగానికి చోటు దొరుకుతుంది. ఏదైనా కళాఖండం బొమ్మ వేస్తే దాని కింద ‘మహిళలు రూపొందించిన కళాఖండం’ అన్న వ్యాఖ్య ఉంటుంది. ఏ కళాఖండం బొమ్మ అచ్చువేసినా దాన్ని చేసినవారి పేరు అడిగి, తెలుసుకుని వేయాలని మీ విలేఖరులకు సూచించవలసిందిగా నా విన్నపం. నిర్వాహకులు పేరు ఇవ్వలేకపోతే, ఎందుకు ఇవ్వలేకపోతున్నారని ఒక ప్రశ్న వేసినా మేలే. పత్రిక అడుగుతుందని తెలిస్తే జాబితా ముందే సిద్ధమవుతుంది.

మా ప్రదర్శన త్వరలో మరోచోటికి వెళ్లనుంది. వస్త్రంలోని ముక్కలన్నింటికీ అంకెలు వేసి, ఎవరెవరు కుట్టారో అడిగి రాసుకుని, ఆ జాబితాను నిర్వాహకులకు అందజేశాను. పేరు వద్దన్నవారు ఇద్దరే. ఆ చేయి కుట్టిన ఆవిడను అడిగినప్పుడు ఆవిడ కాసేపు ఆలోచించి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయమన్నారు. రాశాక కాగితం తీసుకుని, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని తిరిగి ఇచ్చారు. కొత్త పలక ఇంకా అచ్చుకు వెళ్లలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయిని