పురుగుమందు కొట్టేది ఆయనే, కలిపేది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో ఏఎన్ఎంగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గర్భిణులకు కార్డులు రాయడమే నా ఉద్యోగంలో సగం. వయసు, ఎన్నో కాన్పు, బరువు, బీపీ, రక్తం ఎంత ఉంది, ఇంతకుముందు గర్భం ఏమైనా పోయిందా, అన్నీ అడిగి రాసేదాన్ని. చేనుకు వెళ్తున్నావా, పురుగుమందు కలుపుతున్నావా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. కార్డులో ఆ గడి లేదు. గడి లేకపోయినా నేను అడిగి ఉండాల్సింది. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పత్తి చేలలో మందు కొట్టేది మగవాళ్లని అందరూ అంటారు. పంపు వీపున వేసుకునేది ఎక్కువగా వాళ్లే, నిజం. కానీ బిందెలతో నీళ్లు మోసుకొచ్చేది, డ్రమ్ములో మందు పోసి కర్రతోనో ఒక్కోసారి చేత్తోనో కలిపేది, పంపు ఖాళీ అయిన ప్రతిసారీ నింపేది ఆడవాళ్లు. నీళ్లు కలవని చిక్కటి మందు ముందుగా తగిలేది ఆ చేతికే. సాయంత్రం మందు వాసన వచ్చే భర్త చొక్కా ఉతికేదీ ఆమే. మర్నాడు అదే చేలో కలుపు తీయడానికి వంగుతుంది. పత్తి ఏరేటప్పుడు కొంగును ఒడిగా కట్టుకుని, ఏరినదంతా పొట్టకు ఆనించుకుని గంటల తరబడి తిరుగుతుంది. ఐదో నెల గర్భిణి అలా ఒడి కట్టుకుని సాళ్ల మధ్య నడవడం చూసి, బరువు మోయవద్దని చెప్పి వచ్చేశాను. ఆ పత్తి మీద ఏముందో అప్పుడు ఆలోచించలేదు.

2003లో మన దేశంలోని మూడు పత్తి గ్రామాల్లో 50 మంది మహిళా రైతులు, తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు పని తర్వాత వచ్చిన బాధలను నమోదు చేశారు. 323 సందర్భాల్లో నూటికి దాదాపు 84 చోట్ల ఏదో ఒక విష లక్షణం కనిపించింది. మందు కలిపి పంపులు నింపే స్త్రీలకు ప్రమాదం, కొట్టే పురుషులకు ఏమాత్రం తీసిపోదని పరిశోధకులు తేల్చారు. అంతకుముందే, 1991లో, హైదరాబాద్ శాస్త్రవేత్తలు పత్తి చేలలో మందుతో పనిచేసేవారి కుటుంబాలను, 1,016 జంటలను, పరిశీలించి ఆ ఇళ్లలో గర్భస్రావాలు, మృత శిశువులు ఎక్కువని రాశారు. అక్కడా మందు తగిలిన మనిషిగా లెక్కకు వచ్చింది భర్తే. గర్భం పోయింది ఆమెకు.

ఊళ్లో మాట పడేదీ ఆమే. ఆమె జాతకమనో, కడుపు నిలవని మనిషనో అంటారు. రెండోసారి పోతే అత్తగారింట్లో ఆమె బతుకు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

ప్రతి గర్భస్రావానికీ పురుగుమందే కారణమని నేను అనను. రక్తహీనత ఉంది, చిన్న వయసు పెళ్లిళ్లు ఉన్నాయి. అయితే కొన్ని మందులు ఒంట్లోని హార్మోన్ల పనికి అడ్డుపడి నెలసరిని, అండం విడుదలను దెబ్బతీయగలవు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2003లో ప్రచురితమైన అధ్యయనంలో, గర్భం కోసం ప్రయత్నించడానికి ముందు రెండేళ్లలో కలుపు మందు కలిపి కొట్టిన అనుభవం, సంతానం కలగని స్త్రీలలోనే ఎక్కువగా కనిపించింది. కెనడాలోని ఒంటారియోలో రైతు కుటుంబాలపై 2001లో వెలువడిన పరిశోధన, గర్భం రావడానికి ముందు నెలల్లో కొన్ని కలుపు మందులు తగలడానికీ గర్భస్రావాలకూ సంబంధం కనిపించిందని చెప్పింది.

గర్భం రావడానికి ముందు నెలలన్న ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మేము కార్డు రాసేది నెల తప్పాక, రెండో నెలలోనో మూడో నెలలోనో. అప్పుడు జాగ్రత్తలు చెప్పినా ఆలస్యమైనట్టే. గద్వాల వైపు విత్తన పత్తి చేలలో పూలకు క్రాసింగ్ చేసేవారిలో, అంటే చేత్తో పుప్పొడి అద్దేవారిలో, బడి ఈడు ఆడపిల్లలూ ఉంటారు. వాళ్ల చేతికి కార్డు వచ్చేనాటికి ఎన్ని పంటకాలాల మందు ఒంటికి తగిలి ఉంటుంది?

మందుతో పనిచేసేవారికి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. మా దగ్గర కలిపే ఆడవాళ్ల చేతులకు తొడుగులు నేనెన్నడూ చూడలేదు. సీసాతో పాటే తొడుగులు ఇచ్చేలా దుకాణదారులను ఆదేశించడం వ్యవసాయ శాఖకు పెద్ద పని కాదు. మందు కొట్టిన చేలోకి మళ్లీ ఎన్నాళ్లకు దిగవచ్చో రైతు వేదికల్లో మగవాళ్లకు మాత్రమే కాక, కూలికి వచ్చే ఆడవాళ్లకు కూడా చెప్పాలి. మాతా శిశు కార్డులో చేను పని గురించి ఒక గడి చేర్చాలని వైద్య ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను. కార్డు కంటే ముందు మరో పని ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఇంటికి ఆశా కార్యకర్త ఎలాగూ వెళ్తుంది. మందు కలపవద్దని, కొట్టిన చేలో వెంటనే దిగవద్దని ఆ మొదటి రోజే చెప్పాలి, అత్తగారూ భర్తా పక్కన కూర్చుని వింటుండగా.

ఒక విశ్రాంత ఏఎన్ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా