జేగంటకు నాలుక ఉండదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో ఒక గుడి ఉత్సవం ఫొటో కింద 'జేగంట మోగిస్తున్న భక్తులు' అని వేశారు. ఫొటోలో ఉన్నది బోర్లించిన గిన్నెలా ఉండి, లోపల నాలుక వేలాడే మామూలు గంట. జేగంటకు నాలుక ఉండదండీ. అది బల్లపరుపుగా ఉండే గుండ్రటి కంచు పలక. అంచున చిల్లులు పెట్టి తాడుతో వేలాడదీసి, కర్ర కొడుపుతో కొడతారు. దాసర్లు శంఖంతో పాటు చేత పట్టుకొచ్చేదీ అదే, కాకపోతే చిన్నది.

1986 నుంచి 30 ఏళ్లు ఒక హైస్కూల్లో అటెండరుగా నేను కొట్టింది దాన్నే. కంచు, ఇత్తడి పనికి పేరున్న మా జిల్లా బుడితి ఊళ్లో పోత పోయించారని చెప్పేవారు. దాన్ని గోడకి ఆనించి కట్టకూడదు, మోత చచ్చిపోతుంది. అంచు మీద కొడితే గణగణమని చెవులు గింగిర్లెత్తుతాయి. నడిమికి కాస్త కింద కొడితే ఖంగుమని, చెరువు గట్టు దాకా వినిపించేది. కొడుపు కనబడకపోతే పిల్లలు రాయి తీసుకునేవాళ్లు. కంచు పగులుతుందిరా అని ఎన్నిసార్లు కేకలేశానో!

మా అందరికీ అది 'బెల్లు'. జేగంట అన్న మాట స్టాకు రిజిస్టరులోనే ఉండేది. ఒకరోజు మా తెలుగు మేష్టారు చెప్పారు: పూర్వం రాగి కుడుకకి అడుగున సన్నటి చిల్లు పెట్టి నీళ్ల తొట్టిలో వదిలేవారట. అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. మునగ్గానే జేగంట మీద దెబ్బ. రోజుకి 60 గడియలు. 'రాత్రీ పగలూ ఇదే పని, నీకు నయం, ఎనిమిది పీరియడ్లే' అన్నారాయన నవ్వుతూ.

అసలు టెన్షన్ నా రిటైర్మెంటు నెలలో వచ్చింది. సామాన్లు సరిచూడ్డానికి వచ్చిన కుర్ర గుమస్తా రిజిస్టరులో 'జేగంట - 1' చూసి గంట కోసం బడంతా వెతికాడు. దొరకలేదు. 'లేదు' అని రాశాడు. ఆ కింద 'ఇత్తడి పళ్లెం - 1, అదనం' అని ఇంకో వరస రాశాడు! ఆ పళ్లెం వాడి తలకి మూరెడు పైనే వేలాడుతోంది. పైగా అది ఇత్తడి కాదు, కంచు. ఇత్తడికి ఆ మోత ఎక్కడిది? పోయిన గంట ఖరీదు నా డబ్బుల్లో కోస్తామన్నారు. హెడ్మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి, కొట్టి వినిపించి, రెండు వరసలూ కొట్టేయించేసరికి మూడు రోజులు పట్టింది.

అందుకే మీ ఫొటో చూసి ఊరుకోలేకపోయాను. రేపు ఇంకో గుమస్తా మీ పేపరు చూసే జేగంట అంటే ఏమిటో నేర్చుకుంటాడు. వీలైతే సరైన ఫొటో ఒకటి వేయండి. మా బడి వరండాలో అది ఇంకా ఉంది. ఎలక్ట్రిక్ బెల్లు వచ్చినా, కరెంటు పోయినప్పుడు దాన్నే కొడుతున్నారు. మీ ఫొటోగ్రాఫరు వస్తే కొడుపు నేను పట్టుకొస్తాను. అది మా ఇంట్లోనే ఉంది. లెక్కల్లో దాన్ని ఎవరూ అడగలేదు మరి.

ఇట్లు,
ఒక విశ్రాంత అటెండరు,
శ్రీకాకుళం జిల్లా