ఆగిపోయిన పనులను లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కర్నూలు నగరపాలక సంస్థ ఇక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి నగరంలోని డిజిటల్ అంతరం మీద, అంటే ఆన్‌లైన్ పనులు సొంతంగా చేసుకోగలిగేవాళ్లకూ చేసుకోలేనివాళ్లకూ మధ్య ఉన్న తేడా మీద, ఒక పరిశోధన చేయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలోని సియాటిల్ నగరం 2000 నుంచి కొన్నేళ్లకోసారి ఇలాంటి సర్వే చేయిస్తోంది. ఎవరింట్లో నెట్ ఉంది, దాన్ని ఎందుకు వాడుతున్నారు, లేనివాళ్లకు ఎందుకు లేదు అని జనాన్నే అడుగుతుంది. మన ఊళ్లో చదువులకు కొదవ లేదు. రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది, డిజైన్, తయారీ సాంకేతికతలు నేర్పే ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో. ఊరి సంగతి తేల్చడానికి పరాయి ఊరి కన్సల్టెంట్లు అక్కర్లేదు.

నేను వన్‌టౌన్‌లో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాను. జనానికి ఆన్‌లైన్ పనులు సొంతంగా వచ్చేస్తే ముందు నష్టపోయేది మాలాంటి వాళ్లమే. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావేం అని పక్క షాపాయన నవ్వాడు. జిరాక్స్ ఎట్లాగూ ఉంటుంది లెండి.

నా భయమల్లా ఈ పరిశోధన ఫోన్లు లెక్కపెట్టడంతో ముగిసిపోతుందేమోనని. ఇంటికి వెళ్లి 'స్మార్ట్‌ఫోన్ ఉందా?' అని అడిగితే ఉందనే అంటారు. టిక్కు పడుతుంది. ఆ ఫోన్ పొద్దున్నే ఇంటాయన జేబులో పనికి వెళ్లి రాత్రికి గానీ తిరిగి రాదని ఏ ఫారంలోనూ ఉండదు. పదకొండు గంటలకు ఇల్లాలికి ఓటీపీ కావాలంటే ఆయనకు ఫోన్ చేయాలి. అందుకు పక్కింటివాళ్ల ఫోన్ అడగాలి. ఆయన లారీకి సరుకు ఎక్కించే పనిలో ఉండి ఎత్తేలోపు ఓటీపీ టైం అయిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 నాటిది, చూడండి. మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్ల సగటు 33.3 శాతం. ఐటీ అంటే మేమే అని చెప్పుకునే రాష్ట్రం ఈ విషయంలో దేశ సగటుకు అంత దిగువన ఉంది. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉంటుంది, కాదనను. కానీ ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద భార్యాభర్తల మధ్య ఉండే తేడా ఇంటింటి లెక్కలో కనబడదు. మనిషి మనిషినీ విడిగా అడగాలి.

ఈమధ్య ఒక పెద్దామె ఆధార్ కార్డు పోయిందని మా షాపుకొచ్చింది. డౌన్‌లోడ్ చేయాలంటే కార్డుకు లింకైన నంబర్‌కు ఓటీపీ వస్తుంది. 'ఆ నంబర్ రీచార్జి చేసుకోక శానా దినాలాయె నాయనా' అంది. ఆ నంబర్‌కు కాల్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. వరుసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆ నంబర్‌ను ఆపేసి, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అంటే ఈమె ఓటీపీలు ఇప్పుడు ఊరూపేరూ తెలియని మనిషికి పోతున్నాయి. పీవీసీ కార్డుకు, అంటే ప్లాస్టిక్ ఆధార్ కార్డుకు, వేరే నంబర్‌తో ఆర్డర్ పెట్టొచ్చు గనుక పెట్టి పంపించాను. పోస్టులో వచ్చేదాకా ఆగాలి. నంబర్ మార్పించుకోవడానికి ఆధార్ సెంటర్‌కు వెళ్లమన్నాను, అక్కడ టోకెన్ తీసుకుని కూర్చోవాలి. ఈమె ఇంట్లో ఫోన్ ఉంది, సిగ్నల్ ఉంది, ఫోన్ ఆడించే మనవడు కూడా ఉన్నాడు. ఏ సర్వే అయినా ఆమెను 'ఉన్నవాళ్ల' వైపే వేస్తుంది. ఆమెను ఆపింది నెలనెలా వేయించుకోవాల్సిన రీచార్జి. పరిశోధకులు టవర్లు, వైఫైల దగ్గరే ఆగిపోకుండా ఈ రీచార్జి సంగతి కూడా అడగాలి.

వేలిముద్రలది ఇంకో కథ. మన మార్కెట్ యార్డులో ఉల్లి మూటలు మోసే హమాలీల వేళ్లు చూశారా? గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆధార్ వేలిముద్ర మిషన్ మీద ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, తుడిచి, నూనె రాసి, మళ్లీ తుడిచి పెడతారు. అదీ కాకపోతే ముఖం చూపించి కళ్లు ఆర్పమంటారు. చూపులేని వాళ్లు, యాసిడ్ దాడుల్లో ముఖం దెబ్బతిన్న వాళ్లు ఆ కళ్లార్పే పరీక్ష మా వల్ల కాదని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అంది. కేవైసీ, అంటే మనిషి గుర్తింపు సరిచూసే పద్ధతులు వాళ్లకు వీలుగా మార్చాలని ఆదేశాలిచ్చింది. హక్కు అని కోర్టే చెప్పాక, అది మన ఊళ్లో ఎవరికి అందడం లేదో తెలుసుకోవడం నగరపాలక సంస్థ దయాదాక్షిణ్యం కింద రాదు.

అసలు నేను ఈ లేఖ రాయడానికి కారణం వేరే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మొదటి విడతలోనే 161 సేవలు. మంచి పని, నేను రోజూ వాడుతున్నాను. చిక్కల్లా ఆ 'నేను' దగ్గరే ఉంది. షాపుకొచ్చిన మనిషి పేరు చెబుతాడు, కాగితాలిస్తాడు, పని నా ఫోన్ నుంచో మా కుర్రాడి ఫోన్ నుంచో జరుగుతుంది. ప్రింటు తీసి ఇస్తాం, డబ్బులు తీసుకుంటాం. ప్రభుత్వం లెక్కలో మాత్రం ఒక పౌరుడు ఆఫీసు గడప తొక్కకుండా ఇంట్లో కూర్చుని సేవ పొందినట్టే. ఆ మనిషి ఒక పూట కూలి వదులుకుని నా షాపు ముందు నిలబడ్డాడన్న సంగతి ఏ డ్యాష్‌బోర్డులోనూ ఎక్కదు. ఎన్ని లావాదేవీలు జరిగాయో చూసి మురిసిపోయే ముందు, అందులో ఎన్ని సొంత చేత్తో జరిగాయో, ఎన్ని ఇతరుల చేత్తో జరిగాయో విడదీయాలి. విశ్వవిద్యాలయం ఈ ఒక్కటి తేల్చినా చాలు.

చదువుకున్న వాళ్లకు ఈ బాధ లేదనుకోకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరితేరిన డిగ్రీ పిల్లలు ఫొటోను 50 కేబీకి తగ్గించడానికి మా దగ్గరికే వస్తారు. అప్లికేషన్‌లో ఇచ్చే మెయిల్ ఐడీ ఎవరో నెట్ సెంటర్ వాళ్లు తెరిచిందే అయివుంటుంది, పాస్‌వర్డ్ హాల్‌టికెట్ వెనక పెన్సిల్‌తో రాసి ఉంటుంది. కౌన్సెలింగ్ నాటికి ఆ హాల్‌టికెట్ కనబడదు. ఇక టెన్షన్ మొదలు.

పల్లెల కోసమైనా కేంద్రం 2017లో ఒక పథకం పెట్టింది. ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ కింద ఇంటికొకరికి కంప్యూటర్, ఫోన్ వాడకం నేర్పించారు. ఎంత బాగా నేర్పారన్నది పక్కన పెడదాం. పేరులోనే గ్రామీణ అని ఉంది గనుక మా వన్‌టౌన్‌కు, జొహరాపురానికి అది వర్తించలేదు. పట్నంలో ఉన్నవాళ్లకు అన్నీ వచ్చేసి ఉంటాయని ఎవరు అనుకున్నారో మరి.

భాష మాట కూడా చెప్పాలి. 2022లో చట్టం చేసి ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. పాత కర్నూలులో ఉర్దూ తప్ప వేరే లిపి చదవలేని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. 'ఇందులో ఏముంది బేటా' అని చూపించడానికే మెట్లెక్కి వస్తారు. అది ఒక్కోసారి మోసగాడు పంపిన లింకు కూడా అయి ఉంటుంది. సర్వేలో ఉర్దూ విశ్వవిద్యాలయం పిల్లలను కలుపుకోకపోతే ఈ ఇళ్లలో నిజమైన జవాబు రాదు.

ఇక పద్ధతి గురించి నాకు తోచింది. దయచేసి గూగుల్ ఫారం పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో వదలకండి. నెట్ లేనివాళ్లెవరో కనుక్కోవడానికి నెట్‌లో ఫారం పెట్టడమంత తమాషా ఇంకోటి లేదు. విద్యార్థులు 52 డివిజన్లూ తిరగాలి. కూలికి వెళ్లేవాళ్లు దొరికేలా సాయంత్రాలు కూడా వెళ్లాలి. ఫోన్ ఉందా అన్నది చివర అడిగినా ఫర్వాలేదు. ఈ ఏడాదిలో ఆన్‌లైన్‌లో కుదరక ఆగిపోయిన పని ఏది, చివరికి ఎవరి ఫోన్‌తో అయింది, ఎంత ఖర్చయింది, కూలి పోయిందా, ఇవి ముందు అడగాలి. ఆధార్ నంబర్లు, ఓటీపీలు మాత్రం అస్సలు అడగకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, మోసాలకు బెదిరి ఉన్న జనం ఆ మాట వింటే తలుపేసుకుంటారు. ఈ భారం వార్డు సచివాలయాల సిబ్బంది నెత్తిన పెట్టొద్దు. ఇప్పటికే వాళ్లు సర్వేల మీద సర్వేలు చేస్తూ కౌంటర్‌లో కూర్చోలేకపోతున్నారు. విద్యార్థులకు ప్రాజెక్టు మార్కులు, దారి ఖర్చులు ఇస్తే సరిపోతుంది.

వచ్చిన నివేదికను డివిజన్ల వారీగా కౌన్సిల్ సమావేశం అజెండాలో పెట్టి చర్చించాలి. ఏ డివిజన్‌లో ఏ పని ఎక్కువగా ఆగిపోతోందో ఆ సచివాలయం గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలి. ఎక్కువమంది ఆగిపోయే చోట వారానికి రెండు సాయంత్రాలైనా ఒక మనిషిని సాయానికి కూర్చోబెట్టాలి. బడ్జెట్ లేదనకుండా మొదట రెండు మూడు డివిజన్లలో మొదలుపెట్టినా మంచిదే.

విద్యార్థులు మా షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటామంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. సోమవారం వస్తే ఇంకా మేలు. ఆ రోజు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది గనుక అర్జీలు టైపు చేయించుకునే వాళ్లతో పొద్దున ఎనిమిది నుంచే రద్దీగా ఉంటుంది.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
వన్‌టౌన్, కర్నూలు