కార్డు చేతికొస్తుంది, బండిలో పని మాత్రం మారదు

సంపాదకులకు,

108 అంబులెన్సులో కొత్తగా చేరిన ఈఎంటీలు (దారిలో రోగిని చూసుకునే అత్యవసర వైద్య సిబ్బంది) తరచూ అడిగే మాట ఒకటుంది: ‘ఏసీఎల్‌ఎస్ చేస్తే మాకేమైనా కలిసొస్తుందా?’ ఏసీఎల్‌ఎస్ అంటే గుండె ఆగినప్పుడు చేసే పైస్థాయి చికిత్స నేర్పే కోర్సు. సొంత డబ్బు కట్టి, వారాంతపు సెలవు పోగొట్టుకుని చేసే ఆ కోర్సుతో చదువు పెరుగుతుంది. బండిలో స్థానం మాత్రం అంగుళం కదలదు. ఫలానా రోజున కోర్సు పూర్తిచేశారనడానికి చివర్లో ఇచ్చే కార్డు రసీదు లాంటిది, రెండేళ్లకు గడువు తీరిపోతుంది. దాన్ని లైసెన్సనుకునే కుర్ర ఈఎంటీలు ఇంకా ఉన్నారు.

ఈఎంటీ ఏం చేయొచ్చో తేల్చేది బండిలో ఉన్న సామాను, ప్రొటోకాల్, ఫోన్లో ఉన్న ఈఆర్‌సీపీ (108 కేంద్రంలో కూర్చుని సలహా ఇచ్చే) డాక్టరు అనుమతి. బీఎల్‌ఎస్ (ప్రాథమిక స్థాయి) బండిలో ఉండేది ఏఈడీ, అంటే గుండెకు షాక్ ఇచ్చే ఆటోమేటిక్ యంత్రం. షాక్ ఇవ్వాలో వద్దో ఆ పెట్టే చెబుతుంది. గుండె లయ చూసి గుర్తుపట్టడం ఎంత బాగా నేర్చినా అక్కడ దానితో పనిపడదు, ఎక్కిద్దామంటే లయ సరిచేసే మందు అమియోడరోన్ ఉండదు.

ఏఎల్‌ఎస్ (పైస్థాయి పరికరాలున్న) బండి ఎక్కితే ఇంకో చిక్కు. బండి కదిలాక పైలట్ (డ్రైవరు) స్టీరింగ్ దగ్గర ఉంటాడు, వెనక ఈఎంటీ ఒక్కరే. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద 30 నొక్కులు, 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతు. రెండు చేతులకూ అదే పని. మధ్యలో శ్వాసనాళంలోకి ట్యూబు వేయబోతే (ఇంట్యుబేషన్) నొక్కులు ఆగిపోతాయి. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రాఫ్ లేకపోతే ట్యూబు అన్నవాహికలో దిగినా వెంటనే తెలియదు. అందుకే ఇంట్యుబేషన్ వర్క్‌షాపుల కన్నా అంబు బ్యాగు (మాస్కుతో గాలి పంపే చేతి సంచి), ఐజెల్ (గొంతులో పైనే అమర్చే తేలిక గొట్టం) గట్టిగా నేర్పడం మేలంటాం. మాస్కు అంచు నుంచి గాలి బుస్సుమని పోతుంటే చాలామంది బ్యాగును ఇంకా గట్టిగా పిసుకుతారు. ఆ గాలి పొట్టలోకి పోయి వాంతి తెప్పిస్తుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చేయాల్సిందల్లా దవడ పైకెత్తి మాస్కును మళ్లీ ఆనించి, ఛాతీ లేచేంత వరకే నెమ్మదిగా నొక్కడం. దీనికెవరూ కార్డివ్వరు, అందుకే ఎవరూ మోజుపడరు.

ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే అదనపు శిక్షణ 12 లీడ్ ఈసీజీ. ఛాతీకి అతికించే వీ1, వీ2 ఎలక్ట్రోడులు నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. తొందరలో రెండో సందులో అతికిస్తే లేని పాత గుండెపోటు కాగితం మీద కనబడొచ్చు. కదిలే బండిలో తీస్తే గీత వణుకుతుంది, పక్కకు ఆపి 10 సెకన్లు తీయాలి. శుభ్రంగా తీసి డాక్టరుకు పంపితే బండి వెళ్లే ఆసుపత్రే మారిపోతుంది. దగ్గరని పీహెచ్‌సీకి పోకుండా రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఉన్నచోటికో, మూసుకున్న రక్తనాళం తెరిచే క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోటికో తీసుకెళ్తారు. తీరా క్యాజువాలిటీలో ఆ కాగితం స్ట్రెచర్ మీదే ఉండిపోతుంది, ఈసీజీ మళ్లీ తీస్తారు. తీసినవారు ఏ స్థాయివారో, ఎన్ని గంటలకు తీశారో ఆ కాగితం మీద చాలాసార్లు ఉండదు మరి. కనీసం టైమైనా పెన్నుతో రాసి ఇవ్వండి.

మరో ఉదాహరణ. షుగర్ పేషెంటు స్పృహలో లేడు, గ్లూకోమీటరు 38 చూపుతోంది, అంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. బండిలో ఉన్నది నిన్న చేరిన మనిషో, వందల క్యానులాలు (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టాలు) వేసిన మనిషో ఫోన్ అవతలి డాక్టరుకు తెలియదు. ఇలాంటప్పుడు నరంలోకి ఎక్కించే 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు ద్రావణం) నరం దాటి బయటికి పోతే ఆ చుట్టూ ఉన్న కణజాలం చచ్చిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆయన వెనకాడి, ‘ముందు తీసుకెళ్లండి’ అంటే తప్పుపట్టలేం. షిఫ్టు మొదట్లో ఈఎంటీ లాగిన్ కాగానే ఏయే పనులకు అనుమతి ఉంది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నది డాక్టరు తెర మీద పడితే ఈ చిక్కు సగం తీరుతుంది. ఆ జాబితాలోకి కార్డు చూపి ఎక్కించకూడదు. ఆసుపత్రిలో డాక్టరు ఎదుట 20 క్యానులాలు వేసి చూపాక ఎక్కించాలి, ఆరు నెలలు చేయి పెట్టకపోతే తీసేయాలి. బండిలో అరుదుగా చేసే పనులు చేతికి త్వరగా మరపొస్తాయి.

చట్టం సంగతీ పిల్లలు తెలుసుకోవాలి. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టునూ అడ్వాన్స్ కేర్ పారామెడిక్‌నూ విడివిడిగా గుర్తించింది. అనుబంధ నిపుణులకు కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ నిపుణులకు 3,600 గంటల చదువు ఉండాలంది. రెండు రోజుల కోర్సులు ఎన్ని పేర్చినా ఆ గంటలకు సాటిరావు. ‘పారామెడిక్ కోర్సు’ అని బోర్డు కట్టినచోట ఫీజు కట్టేముందు మొదట అడగాల్సింది, ఆ చదువుతో ఈ చట్టం కింది నిపుణుల రిజిస్టర్‌లో పేరెక్కుతుందా అని.

ఇక జీతం. పేషెంటును చూసే పనిలోనే పైమెట్టు ఉండాలి. ఇప్పుడు ముందుకెళ్లాలంటే చాలామందికి కనిపించే దారి పర్యవేక్షణ ఉద్యోగమే. బాగా పనిచేసే చేయి అలా బండి దిగిపోతోంది. బండి ఎన్ని నిమిషాల్లో చేరాలో టెండరు షరతుల్లో రాసే ప్రభుత్వాలు, ఏఎల్‌ఎస్ బండిలో ఎక్కే ఈఎంటీ ఏయే పనుల్లో పరీక్ష నెగ్గి ఉండాలి, దానికి వేతనంలో తేడా ఎంత, కోర్సు రెన్యువల్ ఖర్చు ఎవరిది అన్నవి కూడా అక్కడే రాయాలి.

– అత్యవసర వైద్య శిక్షకులు, వరంగల్